ఒకే గది, రెండు చీటీలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో ప్రకృతి ఆశ్రమానికి వెళ్లిన మొగుడూపెళ్లాల మీద మీరు వేసిన హాస్యకథ చదివి చికిత్స గదుల్లో పనిచేసే మేమంతా కడుపారా నవ్వుకున్నాం. ఆవిరిపెట్టెలోంచి తలకాయ మాత్రం బయటపెట్టి పెళ్లాన్ని కేకేసే భర్త, సూట్‌కేసు అడుగున జంతికలు దాచిన భార్య, తొట్టిలో ఇరుక్కుపోయిన పెద్దమనిషి... ఇవేవీ పుట్టించి రాసినవి కావు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లని ఎవర్ని కదిపినా ఇంతకు రెట్టింపు చెబుతారు.

కథలో మాకు మింగుడుపడనిది ఒక్కటే. జరిగినదానికల్లా ఆయన తిండియావో, ఆవిడ చాదస్తమో కారణమన్నట్టు రాశారు. అసలు గొడవ వేరే చోట ఉంది. ఆలుమగలు కలిసి వస్తారు, ఒకే గది తీసుకుంటారు, ఒకే వేళకి లేస్తారు, చికిత్స కూడా ఒకటే కావాలంటారు. "ఆవిడకేం రాస్తే నాకూ అదే రాసేయండి డాక్టరుగారూ" అనే మాట మొదటిరోజు ఓపీ గదిలో వినపడుతూనే ఉంటుంది. డాక్టరు రెండు చీటీలు రాసిచ్చినా గదికి చేరేసరికి అవి ఒకటైపోతాయి. బి.పి., షుగరు ఉన్న 95 కిలోల మనిషికీ, థైరాయిడ్ మాత్ర వేసుకునే 58 కిలోల మనిషికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది? ఈసారి వెళ్లబోయే జంటలకి పనికొస్తుందని ఈ ఉత్తరం.

రోజు మొదలయ్యేదే ఎనిమాతో. ఇద్దరికీ ఐదున్నరకే అని రాయించుకుంటారు. గదికి మరుగుదొడ్డి మాత్రం ఒక్కటే. రెండో మనిషి తువ్వాలు చుట్టుకుని వరండా చివరికి పరిగెత్తడం మీ కథకుడు బాగానే పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య కనీసం 40 నిమిషాల తేడా పెట్టుకుంటే ఈ పరుగు ఉండదు. ఎందుకంటే నీళ్లు ఒక్కసారిగా పోయి ఊరుకోవు, పది పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ వస్తుంది. ఆ రెండో విడత సంగతి తెలియక ప్రార్థనకి వెళ్లి కూర్చున్నవాళ్లే మధ్యలో లేచి పోతుంటారు.

ఎనిమా డబ్బాలో ఒంటివేడికి సమానమైన నీళ్లు పోయాలి, 37, 38 డిగ్రీలు. మొదటిసారి ముప్పావు లీటరు చాలు. డబ్బా పడుకున్న మనిషికి రెండు మూడడుగుల ఎత్తు మించకూడదు. తలుపు మీది మేకుకి తగిలిస్తే నీళ్లు జోరుగా దిగి కడుపు మెలిపెడుతుంది, నిమిషం కూడా ఆపుకోలేరు. గొట్టంలో గాలి పోయేదాకా కాసిని నీళ్లు ముందు బక్కెట్లోకి వదిలేయాలి. ఇది మరిచిపోతే ఆ గాలే లోపలికి పోయి నొప్పి పెడుతుంది, తర్వాత శబ్దాలూ తప్పవు. కొసకి కొబ్బరినూనె రాసి, ఎడమపక్కకి తిరిగి, కుడి మోకాలు మడిచి పడుకోవాలి. కడుపు పట్టేసినట్టు అనిపిస్తే గొట్టం నొక్కిపట్టి నోటితో నిదానంగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. నీళ్లన్నీ లోపలికి పోయాక ఐదు నిమిషాలు ఆపుకుంటే చాలు. మొలల నుంచి రక్తం పడుతున్నవాళ్లకీ, కడుపు ఆపరేషన్ అయి ఎక్కువ కాలం కానివాళ్లకీ ఇది వద్దు. డబ్బు కట్టాం కదా అని పది రోజులూ చేయించుకుంటామని పట్టుబట్టేవాళ్లున్నారు. మా దృష్టిలో అది అనవసరం.

మట్టిపట్టీకి పెద్ద చిక్కులు లేవు. మూడు నాలుగడుగుల లోతున తవ్విన మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, రాత్రి నానబెడతారు. పొట్ట మీద వేసేది పది అంగుళాల పొడవు, ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉంటుంది. మట్టి గారెలపిండిలా నిలవాలి. జారుగా ఉంటే పట్టీలోంచి కారి పక్కదుప్పటి పాడవుతుంది, కళ్లపట్టీ అయితే చెవుల్లోకి దిగుతుంది. 20 నిమిషాల నుంచి అరగంట ఉంచుకోవాలి. పొట్టకి చల్లదనం తగలగానే ఒంటేలుకి వస్తుంది కాబట్టి ముందే వెళ్లిరావాలి. వెళ్లకుండా పడుకుని, కళ్ల మీద మట్టి, పొట్ట మీద మట్టితో "ఏవండీ, నన్ను కాస్త లేపండీ" అని పిలిస్తే పక్కమంచం మీద ఆయనా అదే అవతారంలో ఉంటాడు.

తొట్టిస్నానం సంగతి కాస్త విడమరచి చెప్పాలి. జర్మనీలోని లైప్జిగ్‌లో లూయీ కూనే ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు, మన దేశంలో ప్రకృతి చికిత్స కథ చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. అంటే ఈ తొట్టితో తెలుగువాళ్ల పరిచయం ఈనాటిది కాదు. అయినా దాన్లో ఎలా కూర్చోవాలో ఇప్పటికీ ఎవరూ ముందు చెప్పరు.

వీపు వెనక్కి ఆనించి, నడుము, పొట్ట నీళ్లలో ఉండేలా, కాళ్లు బయట పీట మీద పెట్టుకుని కూర్చోవాలి. నీళ్లు బొడ్డు దాకా వస్తే చాలు. ఈ కొలత మనిషి కూర్చున్నాక చూడాలి, కూర్చోకముందు కాదు. ఆవిడ లేచిన తొట్టిలో అవే నీళ్లతో ఆయన కూర్చుంటే సగం నేలపాలు, గదంతా జారుడు. లావుపాటి మనిషికి ముందు నీళ్లు తక్కువ పోసి, కూర్చున్నాక చెంబుతో కలపాలి. నీళ్లు 10 నుంచి 18 డిగ్రీలు ఉండాలంటారు. మన కోస్తాలో మే నెల కుళాయి నీళ్లు అంత చల్లగా రావు కాబట్టి ఐస్ వేస్తారు. ఆ ముక్కలు పూర్తిగా కరిగాయో లేదో చూసి మరీ కూర్చోవాలి, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కూర్చున్నంతసేపూ గరుకుగుడ్డతో పొత్తికడుపు అటూఇటూ రుద్దుకుంటుండాలి. మొదటిరోజు పది నిమిషాలు, తర్వాత ఇరవై. వణుకు వచ్చి తగ్గకపోతే అక్కడితో ఆపేయాలి. అయ్యాక ఒళ్లు వెచ్చబడేదాకా నడవాలి, దుప్పటి కప్పుకుని పడుకోకూడదు. బహిష్టు రోజుల్లో ఆడవాళ్లకి చన్నీళ్ల తొట్టి ఉండదు. "నేనొక్కణ్ణే ఎందుకు, నాకూ మానేయండి" అని ఆయన కూడా మంచమెక్కితే ఆ రోజు ఇద్దరికీ సున్నా.

ఇక ఇరుక్కోవడం. కాళ్లు పైన పీట మీద ఉంటాయి, పాదాలకి నేల ఆనదు, బరువంతా తుంటి మీదే. అప్పుడు భార్య ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని లాగుతుంది. అలా లాగితే తుంటి ఇంకా బిగుసుకుంటుంది, భుజం పట్టేస్తుంది, చెయ్యి జారితే ఇద్దరూ నీళ్లలో పడతారు. ముందు పీట తీసేయాలి. పాదాలు నేలకి ఆనించి, తొట్టి అంచులు రెండు చేతులా పట్టుకుని, తల ముందుకి వంచితే బరువు పాదాల మీదికి వస్తుంది, మనిషి తనంతట తనే లేస్తాడు. భార్య చెయ్యాల్సింది తువ్వాలు పట్టుకుని నిలబడటమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దీన్ని నీళ్లు లేని తొట్టిలో ఒకసారి చేసి చూసుకోవాలి.

ఆవిరిపెట్టె దగ్గర పందెం మొదలవుతుంది. పక్కపక్కనే రెండు పెట్టెలు, రెండు తలకాయలు. "నువ్వు దిగిపోయావేంటి, నేనింకో ఐదు నిమిషాలుంటా" అంటాడాయన. పది నిమిషాలు సరిపోతుంది, పదిహేను మించకూడదు. లోపలికి వెళ్లేముందు రెండు గ్లాసుల నీళ్లు తాగాలి, తల మీద తడిగుడ్డ వేసుకుని అది వేడెక్కినప్పుడల్లా మార్చాలి. వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారుకుని బి.పి. పడిపోతుంది. లోపల కూర్చున్నంతసేపూ ఆ సంగతి తెలియదు, తలుపు తీసి గబుక్కున లేవగానే కళ్లు తిరుగుతాయి. బి.పి. మాత్ర వేసుకునేవాళ్లకి ఇది మరీ ఎక్కువ. అందుకే తలుపు తీశాక ఒక నిమిషం అక్కడే కూర్చుని, కాళ్లు కదిపి, గోడ పట్టుకుని లేవాలి. గుండెజబ్బు, అదుపులో లేని బి.పి., జ్వరం, గర్భం ఉన్నవాళ్లకి ఆవిరి పనికిరాదు. భర్త చేయించుకుంటున్నాడని భార్య, భార్య చేయించుకుంటోందని భర్త దీన్ని దాచిపెట్టి లోపల కూర్చోవడం మాకు కంగారు పుట్టించే విషయం.

నగల మాట. వేడికి వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుస్తుంది, లోహం కాలుతుంది. ఉంగరాలు తీయమంటే తీస్తారు, మంగళసూత్రం తీయమంటే చాలామంది ఒప్పుకోరు, ఒప్పించడం మా పనీ కాదు. ఇంటి దగ్గరే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి వేసుకుని, గొలుసు బీరువాలో పెట్టి వస్తే ఏ పేచీ ఉండదు. ఆశ్రమంలో నగ పోయిందన్న రగడా రాదు. కాకపోతే పసుపు చెమటకి కరిగి తువ్వాలుకి అంటుతుంది, తెల్లవి కాకుండా పాతవి తెచ్చుకోండి.

గోదావరి జిల్లాల్లో అరటాకులకి కొదవలేదు కాబట్టి ఇక్కడ అరటాకు స్నానం మీద మోజు ఎక్కువ. ఒంటికి పెద్ద ఆకులు చుట్టి, ముక్కు దగ్గర ఖాళీ వదిలి, ఉదయపు ఎండలో 20 నిమిషాలకి తగ్గకుండా పడుకోబెడతారు. ఫొటో తీసుకోవాలని ప్రతి జంటకీ ఉంటుంది, కానీ ఇద్దరూ చుట్టుకుని పడుకున్నాక తీసేదెవరు? అప్పుడే కోసిన ఆకు ఈనె పొడవునా చీలిపోతుంది, ముందురోజు సాయంత్రం కోసి నీడలో వాడ్చితే వంగుతుంది. ఆకు రెండువైపులా తడిగుడ్డతో తుడవకపోతే చీమలు లోపలే ఉండిపోతాయి. చేతులు కట్టేసి ఉన్న మనిషికి చంకలో చీమ పాకితే వేసే కేక ఎంత దూరం వినపడుతుందో మాకు తెలుసు. ముక్కు మీద ఈగ వాలడం అంతకన్నా సాధారణం. కుడిచెయ్యి మోచేతి నుంచి బయటికి వదలమని సహాయకుణ్ణి అడగండి, చికిత్సకి వచ్చే లోటేమీ లేదు.

జలనేతి అంటే ఒక ముక్కు రంధ్రంలోంచి ఉప్పునీళ్లు పోసి రెండోదాంట్లోంచి వదలడం. దీన్ని ఇద్దరూ ఒకే చోట చేస్తారు, ఒకే చెంబుతో మాత్రం చేయకూడదు. ఎవరి గిండి వాళ్లదే. నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాలి, కుళాయి నీళ్లు ముక్కులోకి ఎక్కించవద్దు. అరలీటరుకి ఒక చిన్నచెంచా ఉప్పు, తలకొట్టి. ఉప్పు మరిస్తే ముక్కు భగ్గుమంటుంది, ఎక్కువైనా అంతే. నీళ్లు పోతున్నంతసేపూ నోటితోనే ఊపిరి తీసుకోవాలి, పక్కనున్నవాళ్లకి సలహాలు చెప్పబోతే గొంతులోకి దిగుతాయి. అయ్యాక ముందుకి వంగి, తల అటూఇటూ తిప్పుతూ, రెండు రంధ్రాలూ తెరిచే ఉంచి, ఇరవైసార్లు మెల్లగా ఊదాలి. ఒక రంధ్రం మూసి గట్టిగా చీదితే నీరు చెవివైపు పోతుంది. ఈ ఊదడం సరిగా చేయనివాళ్లకి అరగంట తర్వాత ఎవరికైనా వంగి దణ్ణం పెట్టినప్పుడు ముక్కులోంచి ధారగా కారుతుంది.

తిండి దగ్గరికి వద్దాం. మీ కథలో నవ్వంతా అక్కడే ఉంది కదా. పొద్దున్న బూడిదగుమ్మడి రసం, తర్వాత నిమ్మరసం తేనె, మధ్యాహ్నం ఉప్పులేని కూర, రెండు పుల్కాలు, సాయంత్రం పండ్లు. రెండోరోజుకల్లా ఆయనకి తల పగిలిపోతుంది. ఆవిడకేమీ ఉండదు. "మగాళ్లకి ఓర్పు ఎక్కడిది" అని ఆవిడ, "ఒంట్లో విషాలు పోతున్నాయి" అని పక్కగది ఆయన. విషమూ కాదు, ఓర్పూ కాదు, కాఫీ. ఇంట్లో రోజుకి నాలుగు కప్పులు తాగేది ఆయన, ఒక్క కప్పుతో సరిపెట్టుకునేది ఆవిడ. ఆఖరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో ఈ నొప్పి మొదలై, రెండోరోజుకి ముదిరి, కొందరికి వారం పైన కూడా ఉంటుంది. పది రోజుల ముందు నుంచీ రెండ్రోజులకో కప్పు తగ్గించుకుంటూ వస్తే రాదు. మాలో కొందరు కూడా విషాల మాట చెప్పి పంపేస్తుంటారు, అలా చెప్పకూడదు. ఆ తలనొప్పి బి.పి. పెరిగినందువల్ల కూడా కావచ్చు, ముందు పరీక్షించాలి.

తర్వాత తూకం. మూడోరోజుకి ఆయన రెండు కిలోలు, ఆవిడ ముప్పావు కిలో తగ్గారనుకోండి, ఆ పూట గదిలో మాటలుండవు. నిజానికి ఆ తగ్గినదాన్లో కొవ్వు కొంచెమే. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే నిల్వ ఉంటుంది, గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ఆ నిల్వా, దాంతోపాటు నీరూ పోతాయి. ఉప్పు మానేసినందుకు ఇంకొంత నీరు. కండ ఎక్కువున్న మనిషికి నిల్వ ఎక్కువ, అందుకే మగవాళ్లు మొదట్లో గబగబా తగ్గినట్టు కనిపిస్తారు. ఆవిరిగదిలోంచి నేరుగా వచ్చి తూకమెక్కే భర్తలూ ఉన్నారు, అది చెమట, రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొస్తుంది. పొద్దున్నే, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే రకం బట్టలతో తూగితేనే అది లెక్క. ఇద్దరి అంకెలూ పక్కపక్కన రాసుకోకండి.

జంతికలు ఎలా బయటపడతాయో మీ కథకుడు చెప్పలేదు. సూట్‌కేసులు మేం వెతకం. మూడు నాలుగు రోజులు ఉప్పు తగలని, పిండి తగ్గిన ఒంట్లో రాత్రిపూట గుప్పెడు జంతికలో, ఆవకాయబద్దో పడితే పోయిన నీరంతా మళ్లీ పట్టుకుంటుంది. పొద్దున్న తూకం కిలో దాకా పెరుగుతుంది, పొరుగింటి చాడీలకన్నా వేగంగా యంత్రమే చెప్పేస్తుంది. అది కాకపోతే కిటికీ నుంచి మంచం కిందికి చీమలబారు. తిన్నందుకు మేం కోప్పడం. ఉపవాసం మధ్యలో నూనెవంటకం పడితే వాంతులు, కడుపునొప్పి వస్తాయి కాబట్టి రాత్రే చెప్పమంటాం. ఉపవాసం రాయించుకుని నిలవలేనివాళ్లకి డాక్టరు మళ్లీ ఆ రెండు పుల్కాలు రాస్తారు, అడగడానికి నామోషీ పడి సూట్‌కేసు తెరుస్తారు.

ఇప్పుడు చెప్పేదాంట్లో హాస్యమేమీ లేదు. షుగరుకి ఇన్సులినో, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో వాడే మనిషి భార్యకి తోడుగా ఉపవాసం చేయకూడదు. మాత్ర మామూలుగా వేసుకుని తిండి మానేస్తే షుగరు 70 కిందికి పడిపోతుంది. చెమట పడుతుంది, ఆవిరి స్నానం వల్లనుకుంటారు. చెయ్యి వణుకుతుంది, నీరసమనుకుంటారు. చిరాకుపడి అరుస్తాడు, "ఆయనకది మామూలేనండీ" అంటుంది భార్య. ముప్పై ఏళ్ల కాపురం చేసిన మనిషికి భర్త కోపం కొత్తగా కనపడదు, అక్కడే ప్రమాదం. మాట తడబడినా, అకారణంగా విసుక్కున్నా ముందు వేలు గుచ్చి షుగరు చూడాలి. చూసే వీలు లేకపోతే ఆగకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలోగానీ, ఒక పెద్దచెంచా తేనెగానీ ఇచ్చి పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బి.పి. మాత్రల్లో నీరు తీసే మందు కలిసినవి ఉంటాయి. అవి వేసుకుంటూ ఉప్పు మానేసి, రోజూ ఆవిరిలో చెమటోడిస్తే ఒంట్లో ఉప్పు, నీరు రెండూ తగ్గి తూలతారు. అలాగని సొంతంగా మాత్ర ఆపకూడదు, డాక్టరు బి.పి. చూసి తగ్గిస్తారు. థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆవిడ దాన్ని మంచినీళ్లతో మింగి, గుమ్మడిరసానికి ముందు అరగంట నుంచి గంట ఆగాలి. ఆయనతోపాటే రసం తాగాలన్న తొందరలో ఆ ఎడం పోతోంది. ఇంటి నుంచి బయల్దేరేముందు ఇద్దరి మందుల చీటీలూ వేరువేరు కవర్లలో, పైన పేర్లు రాసి తెచ్చుకోండి. ఒకే డబ్బాలో కలిపి తెచ్చి, తెల్లది ఎవరిదో పచ్చది ఎవరిదో అని మా ముందు తగువులాడుకునే జంటలు కొల్లలు.

ఆశ్రమాల యాజమాన్యాలకీ ఒక విన్నపం. గది బుక్ చేసినప్పుడే పైన చెప్పిన కాఫీ, నగలు, మందుల సంగతులు తెలుగులో అచ్చువేసి, మనిషికొకటి చొప్పున, జంటకి ఒకటి కాదు, పంపండి. చికిత్సల టైములు వేసేటప్పుడు గదిలో మరుగుదొడ్లెన్నో చూసి వేయండి.

తిరుగు ప్రయాణం గురించి కూడా ఎవరూ రాయరు. పదోరోజు సాయంత్రం గేటు దాటగానే బస్టాండులో మిరపకాయ బజ్జీలు తినేవాళ్లు ఆ రాత్రి బస్సులో పడే పాట్లు మీ కథకుడి ఊహకి వదిలేస్తున్నాం. మొదటిరోజు జావ, పలచని మజ్జిగ, మెత్తగా ఉడికిన అన్నం, రెండోరోజు పప్పు, కూర, మూడోరోజు నుంచి మామూలు భోజనం. ఆశ్రమంలో తగ్గించిన షుగరు, బి.పి. మాత్రలు అక్కడి ఉప్పులేని తిండికి సరిపోయేవి. ఇంట్లో అన్నం, పచ్చడి మళ్లీ మొదలయ్యాక ఆ మోతాదు చాలకపోవచ్చు. కాబట్టి వారంలోగా ఇద్దరూ పరీక్ష చేయించుకుని మీ డాక్టరుకి చూపించండి, ఆయన రిపోర్టు బాగుందని ఆవిడ మానేయకుండా.

ఇట్లు,
ప్రకృతి చికిత్సాలయాల్లో పనిచేసే కొందరు చికిత్సా సహాయకులు,
పశ్చిమ గోదావరి జిల్లా.